పల్స్ ప్రో లియో ఆదివారం

"పల్స్ ప్రో లియో" అని ఫోన్లో చెప్పినవాడు మహేశ్వర్. "పల్స్ పోలియో" అని విన్నవాడు అంజిలయ్య. నడిమధ్యలో జారి పడిపోయింది ఒకే ఒక్క క్రావడి, అదే ర వత్తు.

ఆ క్రావడి చేసిన రావిడి ఏమిటో చెప్పేముందు, పాఠక మహాశయులు ఒక సత్యాన్ని ఒప్పుకోవాలి. ఐటీ బూమ్ మన మొయినాబాద్, చేవెళ్ల వైపుకు తెచ్చిన వరాలలో గొప్పది వెడల్పు రోడ్డు కాదు, అద్దాల మేడ కాదు, కప్పు కాఫీకి అరగంట కూర్చోబెట్టే హోటలూ కాదు. అయస్కాంత చికిత్స!

నవ్వుతున్నారా? నవ్వండి. నవ్వితే పొట్ట కండరాలు అలసిపోతాయి. అలసిన కండరాలకు మళ్ళీ ఈ చికిత్సే గతి!

ఏమిటా చికిత్స అంటారా? చెమటలు కక్కేలా వ్యాయామం చేసిన మనిషి వచ్చి ఒక మ్యాట్ మీద పడుకుంటాడు. మ్యాటర్ అంతా ఆ మ్యాట్‌లోనే ఉంది. లోపల రాగి తీగచుట్టలు ఉంటాయి. వాటిలోకి కరెంటు వస్తుంది, ఆగుతుంది. వస్తుంది, ఆగుతుంది. అలా వచ్చీపోయే కరెంటు వల్ల చుట్టూ అయస్కాంత క్షేత్రం పుట్టి, అది కండల్లోకి దిగి, అలసటను మెడపట్టి బయటికి గెంటేస్తుందట.

కరెంటు రావడం, ఆగడం! చేవెళ్ల రైతులు బోరు మోటార్ల దగ్గర ఏళ్ళ తరబడి ఈ చికిత్స ఉచితంగా పొందారు. ఎవరికైనా కృతజ్ఞత ఉందా? పైగా సబ్‌స్టేషన్ ముందు ధర్నాకు కూర్చున్నారు!

థెరపీ అనగానే అది ఇంగ్లీషువాళ్ళ సొత్తు అనుకోకండి. ముసురు పట్టిన వాన కాస్త వెలిసి, మనిషి ఊపిరి పీల్చుకునే సమయాన్ని మనవాళ్ళు ఎప్పుడో తెరపి అన్నారు. దానికి ఒక ఒత్తు తగిలించి, ఏసీ బిగిస్తే థెరపీ.

ఇక క్షేత్రం సంగతి. మన మండలంలో క్షేత్రాలకు కొదవ లేదు. మొదట అదంతా చెలక, వానకు పండే మెట్ట నేల. ఐటీ బూమ్ రాగానే భూమికి బూమ్ వచ్చింది, భూమి ఉన్నవాడికి భూమ్మీద నిలవడానికి చోటు పోయింది. కొన్నవాళ్ళు చుట్టూ గోడ కట్టగానే చెలక కాస్తా వ్యవసాయ క్షేత్రం అయింది. వ్యవసాయం తెలిసినవాళ్ళు గోడకు బయట, క్షేత్రం గోడకు లోపల. ఇప్పుడు అదే చోట అయస్కాంత క్షేత్రం వెలిసింది. అభివృద్ధి అంటే ఇది కాదా?

మహేశ్వర్ పన్నెండేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో కూర్చున్నాడు. 'పనిచేశాడు' అనకుండా 'కూర్చున్నాడు' అనడం వెటకారం కాదు. అతని నడుం ఎక్స్‌రే చూసిన డాక్టరు చీటీ మీద రాసిన మాటే అది. కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తే పరుగెత్తమన్నారు. పరుగెత్తి పరుగెత్తి మోకాళ్ళు పట్టేస్తే పడుకోమన్నారు. హాయిగా పడుకోవడానికి హైదరాబాద్ మొత్తంలో మంచి చోటు లేదని గ్రహించిన ఆ క్షణంలోనే అతనికి స్టార్టప్ ఐడియా తట్టింది. దేశమంతా లేచి నిలబడి స్టార్టప్ అంటున్న కాలంలో, మనుషుల్ని పడుకోబెట్టే స్టార్టప్!

చిన్న మంగళారం శివారులో ఒక ఫామ్‌హౌస్ కిరాయికి తీసుకున్నాడు. అద్దాల హాలులో ఎనిమిది మ్యాట్లు పరిచి 'రికవరీ లాంజ్' అని బోర్డు పెట్టాడు. కస్టమర్లు ఎక్కడినుంచి వస్తారనే బెంగ లేదు. ఆదివారం తెల్లవారితే గచ్చిబౌలి వైపు నుంచి సైకిళ్ళు బారులు తీరతాయి. కొండకల్ దాకా తొక్కి కండ కరిగించుకునేవాళ్ళు కొందరు, చేవెళ్ల దాకా తొక్కి చేవ పోగొట్టుకునేవాళ్ళు కొందరు. వీళ్ళంతా వారం పొడుగునా కుర్చీలో కూర్చుని అలసిపోయినవాళ్ళే. కాకపోతే అది పనికిరాని అలసట. ఒంటికి పట్టే అలసట కావాలంటే ఊరి దాకా రావాలి.

ఎంత మార్పు! ఒకప్పుడు అలసట బీదవాడి సొంత ఆస్తి. పొలంలో వంగి, బరువు మోసి, ఎండలో ఎండి సంపాదించుకునేవాడు. పెద్దమనుషులకు అది అందేది కాదు. ఇప్పుడు హెల్మెట్ కొనుక్కున్న ప్రతివాడికీ అలసిపోయే హక్కు వచ్చింది. సమానత్వం కాళ్ళ మీదుగా వస్తుందని ఏ పుస్తకంలోనైనా రాశారా?

మహేశ్వర్ తన ప్యాకేజీలకు రాశుల పేర్లు పెట్టాడు. చిన్నది పల్స్ బేసిక్ ఏరీస్. మధ్యది పల్స్ ప్లస్ టారస్. అన్నిటికన్నా పెద్దది పల్స్ ప్రో లియో. తనది సింహరాశి మరి! ప్రారంభోత్సవం జనవరి చివరి ఆదివారం. ఫోటోల్లో సైకిళ్ళవాళ్ళతో పాటు ఓ పదిమంది ఊరివాళ్ళు కూడా ఉంటే 'కమ్యూనిటీ' కనిపిస్తుందని ఎవరో సలహా ఇచ్చారు. అందుకే శనివారం సాయంత్రం తోటపని చూసే అంజిలయ్యకు ఫోన్ చేసి, రేపు పొద్దున మన దగ్గర పల్స్ ప్రో లియో అందరికీ ఉచితం, ఊళ్ళో చెప్పు అన్నాడు.

అంజిలయ్య తోటకు మాలి, ఊరికి మైకు. నల్లా నీళ్ళు ఆగినా, ఎవరి మేక తప్పిపోయినా, ఆటోకు మైకు కట్టుకుని గల్లీ గల్లీ తిరిగేది అతనే. అతనికి తెలిసిన ఉచితమైన పల్స్ ప్రపంచంలో ఒక్కటే. అది ఆదివారమే వస్తుంది. రేపటి ఆదివారమే అది ఉన్నదని ఆ పొద్దున్నే ఆశా వర్కర్ గడపలో నిలబడి చెప్పి వెళ్ళింది కూడా. ఇంకేం కావాలి? పోలియో బూత్ బడి నుంచి ఫామ్‌హౌస్‌కు మారిందన్నమాట! ఆటో ఎక్కాడు.

"అమ్మలు, అవ్వలు అందరు ఇనుండ్రి. రేపటి పోలియో చుక్కలు ఈసారి బడి కాడ గాదు. మా సారు ఫామ్‌హౌస్‌ల. ఐదేండ్ల లోపు పిల్లలను అందరిని తోలుకొని రాండ్రి. ఉచితం. ఏసీ ఉన్నది."

ఆ చివరి రెండు మాటలు అంజిలయ్య సొంత కల్పన. ఊరు కదిలింది ఆ రెండు మాటలకే.

ఈ చాటింపు చెవిన పడనిది ఊరు మొత్తంలో ఒక్క విజయరాణికి. ఆ ఆశా వర్కర్ ఆమే. చాటింపు వేళకు ఊరికి మూడు కిలోమీటర్ల అవతల, కోళ్ళఫారాల వెనక గుడిసెల్లో, రేపు పిల్లలను బడి దగ్గరికి తీసుకురండి అని ఇంటింటికీ చెబుతూ తిరుగుతోంది. ఆశ అనేది ఆమె ఉద్యోగం పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ గట్టి చమత్కారులు. కొలువు పర్మినెంట్ కానివాళ్ళకు పర్మినెంట్‌గా ఉండేది అదొక్కటే కదా!

విజయరాణి లిస్టులో ఐదేళ్ళ లోపు పిల్లలు నూట పన్నెండు మంది. కిందటేడూ లెక్క అంతే, కానీ ఆదివారం బూత్‌కు వచ్చినవాళ్ళు డెబ్బై తొమ్మిది మంది. మిగిలిన ముప్పై మూడు మంది కోసం సోమవారం, మంగళవారం చేన్లు, ఫారాలు, ఫామ్‌హౌస్ గేట్లు తిరిగి తిరిగి, ఒక్కరినీ వదలకుండా చుక్కలు వేసి వచ్చింది. అయినా సూపర్‌వైజర్ మీటింగులో అందరి ముందు లేపి నిలబెట్టాడు. బూత్ పెట్టేది ఆదివారం కోసం, వచ్చేసారి ఆదివారం సాయంత్రానికి నూటికి తొంభై దాటకపోతే నీ జాగలో వేరే ఆమె పేరు రాసి పంపుతాను అన్నాడు. ఎనిమిదేళ్ళుగా ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డ బరువూ ఆమె చేతులకు తెలుసు. ఆ చేతుల్లోంచి లిస్టు లాగేసుకుంటారన్న మాట ఏడాది పొడుగునా చెవిలో మోగుతూనే ఉంది.

అందుకే ఆ ఆదివారం చర్చి మానుకుని, ఏడింటికల్లా నీలం రంగు మందుపెట్టె భుజాన వేసుకుని బడికి చేరింది. తోడు రావలసిన అంగన్‌వాడీ ఆయమ్మ జ్వరమని కబురు పంపింది. తనే బ్యానర్ కట్టింది, తనే బల్ల తుడిచింది.

ఎనిమిదైంది. ఒక్క పిల్ల లేదు. ఎనిమిదిన్నరకు ఒక మేక వచ్చి బ్యానర్ అంచు నమిలి చూసి, రుచి నచ్చక వెళ్ళిపోయింది. తొమ్మిదికి పెట్టె మూత ఎత్తి చూసింది. లోపల ఐసు గట్టిగానే ఉంది. కరుగుతున్నది తన గుండె.

పెట్టె భుజానికెత్తుకుని ఊళ్ళోకి నడిచింది. ఏ ఇంటికి చూసినా గొళ్ళెం. వీధి మొత్తంలో కనిపించిన మనిషి బాలప్ప ఒక్కడే, డెబ్బై ఏళ్ళ ముసలాయన, అరుగు మీద అలిగినట్టు కూర్చుని ఉన్నాడు.

"బాపు, జనమంత యాడికి పోయిండ్రు?"

"పోలియోకు."

"పోలియో నా కాడ ఉన్నది గదా."

"నీ కాడిది పాతదట బిడ్డా. కొత్తది మా చెల్కల ఏస్తున్నరు."

మహేశ్వర్ కిరాయికి తీసుకున్న ఫామ్‌హౌస్ ఒకప్పుడు బాలప్ప చెలక. అమ్మి పదేళ్ళయినా, దానికి గోడ లేచినా, ఊరి నోట్లో అది బాలప్ప చెలకే.

"మరి నువ్వు పోలేదా?"

"పోయిన. లోపల నా బాయి ఉన్నదో పూడ్చిండ్రో చూసొద్దామని. నాకు ఐదేండ్లు దాటినయని అంజిలడు గేటు కాడనే ఆపిండు."

నవ్వే స్థితిలో లేదు విజయరాణి. కొత్తది వేస్తున్నారా? ఎవరు? సూపర్‌వైజర్ అన్నంత పనీ చేశాడా? సాయంత్రం దాకా కూడా ఆగకుండా, తనకు చెప్పకుండా వేరే ఆమెను పెట్టి వేరే బూత్ తెరిచాడా? అరుగు నుంచి ఆ గేటుకు కిలోమీటరున్నర. మందుపెట్టె ఎముకకు తగులుతుంటే, ఆమె ఆ దూరం ఎలా నడిచిందో చూసి ఉంటే సైకిళ్ళవాళ్ళు తమ సైకిళ్ళు అక్కడే పారేసి ఇంటికి పోయేవాళ్ళు!

గేటు బార్లా తెరిచి ఉంది. అది తెరిచి ఉండగా ఆమె ఎన్నడూ చూడలేదు. ఏటా ఆ గేటు బయట నిలబడి, లోపల పిల్లలున్నారా అని కేకేసి, కుక్క ఇచ్చే జవాబు విని, చాక్‌పీసుతో గోడ మీద గుర్తు గీసి వెళ్ళిపోవడమే అలవాటు.

అద్దం తలుపు ముందు ఆగి లోపలికి చూసింది. హాలు నిండా తల్లులు, చంకల్లో పిల్లలు. వాళ్ళ నడుమ ఒంటికి అతుక్కుపోయిన బట్టలు, తలకు పుచ్చకాయ చీలికల్లాంటి టోపీలతో సైకిళ్ళవాళ్ళు. రెండు క్యూలు మొదలైన చోట వేరువేరుగానే ఉన్నాయి గానీ, మధ్యలోకి వచ్చేసరికి కలిసిపోయాయి. ఊరూ సిటీ ఇంతగా కలిసిపోవడం ఏ పథకం వల్లా జరగలేదు సుమండీ!

క్యూ మొదట్లో పూజ అనే అమ్మాయి ట్యాబ్ పట్టుకుని అందరి వివరాలు నింపుతోంది. పొద్దుటి నుంచి ఆమెకు ఒకటే అనుమానం: కస్టమర్లు మరీ చిన్నవాళ్ళుగా ఉన్నారేమిటి? కానీ స్టార్టప్‌లో చేరి నెల కూడా కాలేదు. అనుమానాలు అడిగే వయసు ఉద్యోగానికి ఇంకా రాలేదు.

ఆమె ముందు నిలబడింది లక్ష్మమ్మ. క్యారెట్ కడిగే పనికి పోయే మనిషి. చంకలో మనవడు. వయసెంత అని పూజ అడిగితే పది నెలలంది. వారానికి ఎన్ని కిలోమీటర్లు వెళ్తారని అడిగితే, మొన్ననే పాకుడు మొదలుపెట్టాడు, ఇంకా గడప దాటలేదంది. కండరాలు ఎక్కడెక్కడ పట్టేస్తున్నాయంటే, వీడిని ఎత్తుకుని ఎత్తుకుని పట్టేసింది నా నడుమే అంది. నొప్పి పదికి ఎంత అంటే మాత్రం కాసేపు ఆలోచించి, పిల్లవాడి తొడ మెల్లగా గిచ్చి, వాడి ఏడుపు విని, ఎనిమిది రాసుకో బిడ్డా అంది. పూజ రాసుకుంది.

లక్ష్మమ్మ వెనక నిలబడ్డవాడు ప్రభాకర్. ఏదో కంపెనీలో టీమ్ లీడ్. చేవెళ్ల దాకా పోయి వచ్చి, రెండు తొడలూ రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. లక్ష్మమ్మ అతని చంక వైపు చూసింది, వెనక్కి చూసింది.

"నీ పోరడేడి నాయనా?"

"పోరడు లేడమ్మా. పల్స్ నాకే."

"నీకెన్నేండ్లు?"

"థర్టీ నైన్."

లక్ష్మమ్మకు అతని మీద జాలి కలిగింది.

"చిన్నప్పుడు మీ ఊర్ల ఏయలేదా?"

"అప్పట్లో ఈ టెక్నాలజీ లేదమ్మా."

"ఉండె నాయనా. మీ అమ్మ తోలుకపోలే."

విజయరాణి తలుపు తోసింది. హాలులో తలలన్నీ తిరిగాయి. అదుగో ఆశమ్మ వచ్చింది అన్నారు కొందరు. మమ్మల్ని పొద్దున్నే రమ్మని నువ్వు ఇప్పుడా వచ్చేది అని దెప్పారు ఇంకొందరు. ఆమె కళ్ళు వేరే ఆమె కోసం, వేరే నీలం పెట్టె కోసం వెతికాయి. ఎక్కడా లేవు. నేల మీద ఎనిమిది పరుపులు, గోడకు ఎనిమిది ప్లగ్గులు. అంతే. వేసేది ఎవరు అన్నా అని అంజిలయ్యను అడిగింది. మా సారే అని అతను గాజు క్యాబిన్ వైపు వేలు చూపించాడు.

మహేశ్వర్ బయటికి వచ్చాడు. పదిమందిని రమ్మంటే రెండు వందల మంది వచ్చారని, ఇది తన మార్కెటింగ్ ప్రతిభేనని అప్పటిదాకా పొంగిపోతూ ఉన్నాడు.

"పోలియో మీరు ఏస్తున్నరా సార్?"

"పోలియో ఏంటమ్మా? ప్రో లియో."

"గదే గదా."

"గదే కాదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ అంజిలయ్య మొహం చూశారు. అంజిలయ్య తన చెవి తడుముకున్నాడు.

ఆమె గుండెలోంచి సగం బరువు దిగిపోయింది. తన జాగలో ఎవరూ రాలేదు. మరి ఈ పల్స్ దేనికి సార్ అని అడిగింది.

"యాక్చువల్‌గా ఇది రికవరీ మేడమ్. హెవీ వర్కవుట్ తర్వాత మజిల్స్ టైర్డ్ అవుతాయి. ఈ మ్యాట్ మీద అరగంట పడుకుంటే ఫ్రెష్ అయిపోతారు."

"మ్యాట్ లేకుండ అరగంట పండుకుంటే?"

మహేశ్వర్‌ను పెట్టుబడి పెట్టినవాళ్ళు కూడా అడగని ప్రశ్న అది.

"పడుకోవచ్చు. కానీ డేటా రాదు."

డేటా లేని నిద్ర కూడా ఒక నిద్రేనా? మన తాతలు అలాగే పడుకుని, తెల్లారి లేచి, నాగలి పట్టారు. ఎంత రికవరీ అయిందో తెలియకుండానే పోయారు పాపం!

విజయరాణి అతని మాటలు వినడం మానేసి జనాన్ని చూస్తోంది. సంచీలోంచి లిస్టు తీసింది. ఫలానా ఇంటి కవలలు, ఉన్నారు. పోయినేడు రెండు రోజులు వెతికితే గానీ దొరకని, పూలతోట కూలీల చంటిది, ఉంది. ఫారాల వెనక గుడిసెల పిల్లలు ఏడుగురూ ఉన్నారు. బడికని బయల్దేరి, దారిలో ఊరు ఇటు నడుస్తుంటే వెంట వచ్చేశారు. ఈ పక్క గేటులోని వాచ్‌మన్ కొడుకు, ఆ పక్క గేటులోని వంటామె కూతురు. ఏసీ చూడాలని ఒకరు, ఆ గోడ వెనక ఏముందో పదేళ్ళకు ఒక్కసారైనా చూడాలని ఒకరు. ఎనిమిదేళ్ళలో ఇంతమంది పిల్లలు ఒక్కచోట ఆమెకు ఎన్నడూ దొరకలేదు.

అయస్కాంతం ఇనుమును మాత్రమే ఆకర్షిస్తుందని బడిలో చెప్పారు. ఆ పాఠం వెంటనే తీసేయాలి! చిన్న మంగళారంలో అది పాలుతాగే పిల్లలను సైతం ఆకర్షించింది. ప్లగ్గు కూడా పెట్టకముందే!

"సార్, ఒక బల్ల ఇప్పియ్యుండ్రి. నా పోలియో నేను ఏసుకుంట. తర్వాత మీ ప్రో లియో మీరు పెట్టుకోండ్రి."

బల్ల వచ్చింది. తల్లులు మ్యాట్ల మీద కూర్చున్నారు. విజయరాణి నిలబడే ఉంది. ఒక చేత్తో బుగ్గ నొక్కడం, ఒక చేత్తో రెండు చుక్కలు, ఎడమ చిటికెన వేలి గోటి మీద పెన్నుతో గుర్తు, లిస్టులో టిక్కు. మళ్ళీ బుగ్గ. ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు, ఉమ్మేసేవాళ్ళు ఉమ్మేస్తున్నారు, ఉమ్మేసినవాళ్ళకు మళ్ళీ రెండు చుక్కలు. తొక్కిసలాటలో ప్రభాకర్ కూడా చెయ్యి చాపితే అతని గోరు మీదా గుర్తు పడింది. అతను దాన్ని ఎంట్రీ స్టాంపు అనుకుని ఫోటో తీసుకున్నాడు.

పదకొండున్నరకు చివరి టిక్కు పడింది. నూట పన్నెండు! చుట్టపుచూపుగా వచ్చిన పిల్లలు ఇంకో ఆరుగురు. మూడుసార్లు లెక్కపెట్టుకుని సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసింది. ఆదివారం పన్నెండు గంటల లోపు నూటికి నూరెట్లయితది, తప్పు రాసినవా అని అతను గద్దించాడు.

"వచ్చి వేళ్ళు చూసుకోండ్రి సార్" అని ఫోన్ పెట్టేసింది. ఎనిమిదేళ్ళలో అతనికన్నా ముందు ఆమె ఫోన్ పెట్టేయడం అదే మొదటిసారి.

పెట్టె మూసి వంగబోతే నడుం వంగలేదు. వచ్చినప్పటి నుంచి ఆమెను గమనిస్తున్న పూజ దగ్గరికి వచ్చి, అక్కా మీరు ఒక మ్యాట్ తీసుకోండి, ఇవాళ అందరికీ ఉచితమే, ఫారం నేను నింపుతానంది. వారానికి ఎన్ని కిలోమీటర్లు నడుస్తారని అడిగింది. విజయరాణి వేళ్ళ మీద లెక్కపెట్టి, ఆరు రోజులు, రోజుకు తొమ్మిదో పదో, పెట్టె ఉన్నప్పుడు ఇంకో రెండు ఎక్కువ అంది. ట్యాబ్ పచ్చగా మెరిసింది. 'ఎలైట్ అథ్లెట్' అని వచ్చింది!

హాలులో సైకిళ్ళవాళ్ళు చప్పట్లు కొట్టారు. ప్రభాకర్ వచ్చి, మేడమ్ మీ ట్రైనింగ్ షెడ్యూల్ షేర్ చేస్తారా అని అడిగాడు. ఫోటో తీయడానికి మహేశ్వర్ ఫోన్ ఎత్తాడు. కోళ్ళఫారాలు, ఇటు చేన్లు, అటు గేట్లు, ఎవరూ నడవమనకపోయినా ఆగని నడక. ఆ నడకకు పేరుందని, పేరుకు పచ్చరంగు ఉందని విజయరాణికి ఆ రోజే తెలిసింది. మ్యాట్ వైపు ఒక అడుగు వేసింది కూడా.

ఇంకొక్క గడి ఉందక్కా అంది పూజ. ఏ వ్యాయామం? రన్నింగ్, సైక్లింగ్, స్విమ్మింగ్, ట్రెక్కింగ్, ఇతరం. ఏదీ కాదు, డ్యూటీ అంది విజయరాణి. పూజ 'ఇతరం' నొక్కి 'డ్యూటీ' అని కొట్టింది.

ట్యాబ్ ఎర్రబడింది. "ఉద్యోగంలో గానీ, కూలిపనిలో గానీ భాగమైన శ్రమ వ్యాయామంగా లెక్కించబడదు. రికవరీ అవసరం లేదు."

పూజ ఆ రెండు వాక్యాలూ పైకే చదివేసి, చదివాక నాలుక కరుచుకుంది. మహేశ్వర్ ఎత్తిన ఫోన్ దించాడు. ఆ మెసేజ్ తను రాసింది కాదని, సాఫ్ట్‌వేర్‌లో అలా వచ్చిందని, రేపే మార్పిస్తానని అన్నాడు.

"ఈలోగా 'హాబీ' అని కొట్టేయండి మేడమ్. తీసుకుంటుంది."

విజయరాణి మ్యాట్ వైపు చూసింది. మెత్తగానే ఉంది. నడుం ఇంకా సరిగా నిలబడటం లేదు.

"ఎనిమిదేండ్ల సంది తిరుగుతున్న సార్. సరదాకు తిరిగిన అని నేనెట్ల రాయిస్త?"

ఫారం అక్కడే ఆగిపోయింది. కానీ హాలులో జనం ఆగలేదు. చుక్కలు అయిపోయాయి, మరి ఆ పరుపుల సంగతేమిటి, మైకులో ఉచితమన్నారు కదా అని లక్ష్మమ్మ నిలదీసింది. పొద్దుటి నుంచి క్యూలో నిలబడ్డాం, మాకూ పెట్టమనండి అని వెనకవాళ్ళు అందుకున్నారు. మహేశ్వర్ ముందుకు వచ్చి మైక్రో సర్క్యులేషన్ అన్నాడు, సెల్ అన్నాడు. సెల్ అనగానే నలుగురు తమ ఫోన్లు తీసి చూసుకున్నారు. ఇక లాభం లేదని, మీరే కొంచెం అర్థమయ్యేలా చెప్పండి మేడమ్ అని విజయరాణిని బతిమాలాడు. అంజిలయ్య తలవంచుకుని మైకు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె మందుపెట్టె భుజానికి ఎత్తుకుని, మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"అవ్వా, అక్కా, అందరు జర ఇనుండ్రి. అంజిలన్న చెవుల తప్పు లేదు, సారు నోట్ల తప్పు లేదు. నేను ఏసింది పోలియో. సారు పెట్టేది ప్రో లియో. నడుమ ఒక్క వత్తే తేడా. పోలియో చుక్కలు, పిల్లల కాళ్ళు సచ్చుబడకుండ ఏసేది. ప్రో లియో పరుపు, కాళ్ళు మంచిగున్నోళ్ళు పని లేక అలసిపోతే పండుకోవెట్టేది. పనికి పోయి అలసిపోయినోళ్ళకు అది అక్కెర లేదట. మిషన్‌ల రాసున్నది, ఇప్పుడే అడిగిన. ఇగ క్యారెట్ కాడికి పోయేటోళ్ళు పోండ్రి, పొద్దెక్కింది."